షీటు వెనక కుట్టు

ఆ నోటీసు ఫోన్‌లోకి వచ్చేసరికి నేను తార్నాక చౌరస్తా దగ్గర బండి మీద ఇడ్లీ తింటున్నాను. మూడింట్లో రెండోది సగంలో ఉంది. నోటీసు రెండుసార్లు చదివాను. ప్లేటు అక్కడే పెట్టేసి క్యాంపస్ వైపు పరుగు తీశాను. చెయ్యి కడుక్కున్నానో లేదో కూడా గుర్తు లేదు. బండాయన వెనకనుంచి "మేడం, ఇంకోటి ఉన్నది!" అని కేక వేశాడు. ఉంటే ఉండనీ. కదిలిపోతున్న బస్సు కోసం కూడా పరుగెత్తని మనిషిని నేను. అలాంటిది ఆ ఉదయం కుచ్చిళ్లు ఒక చేత్తో, సంచీ ఒక చేత్తో పట్టుకుని, వాకింగ్‌కి వచ్చిన పెద్దమనుషుల్ని తప్పించుకుంటూ ఉరికాను. గుండె దడదడలాడింది. అది ఆయాసం వల్ల కాదు, సంతోషం వల్ల.

తార్నాక చుట్టుపక్కల చదువుల క్యాంపస్‌లకు కొదవ లేదు కాబట్టి మాది ఏదో చెప్పను. అందులో బోటనీ డిపార్ట్‌మెంట్‌లో నేను పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. చెప్పిన క్లాసుకు ఇంత అని ఇస్తారు. సెలవులొస్తే అదీ ఉండదు. ప్రతి సెమిస్టర్‌కీ కొత్త ఆర్డరు రావాలి, వచ్చేదాకా గోళ్లు కొరుక్కోవాలి. పెళ్లిళ్లలో చుట్టాలు "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "ఏముంది, ఏదో అలా పాఠాలు చెబుతున్నాను" అనేసి వెంటనే పులిహోర బాగుందని మాట మార్చేస్తాను.

నోటీసు నా గురించి కాదు. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది గురించి. రిజిస్టరులో రాసిన హోదాకీ, నిజంగా చేస్తున్న పనికీ తేడా ఉన్నవాళ్లు కమిటీ ముందుకొచ్చి చెప్పుకోవచ్చని, ఏజెన్సీతో కొత్త కాంట్రాక్టు ఆ కమిటీ నిర్ణయించిన కేటగిరీల ప్రకారమే ఉంటుందని రాశారు. అదీ సంగతి. కాంట్రాక్టు ఒకసారి కుదిరితే మళ్లీ ఏళ్ల దాకా కదపరు. దొరికిందే ఒక్క అవకాశం. అది అక్కకు దొరికింది.

అక్క అంటే మా హెర్బేరియం అక్క. హెర్బేరియం ఎండిన మొక్కల బీరువాలుండే గది. కొండల్లోంచీ చెరువు గట్ల మీదనుంచీ తెచ్చిన మొక్కల్ని పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, చెక్క పలకల మధ్య బిగించి ఎండబెడతారు. ఎండాక దళసరి తెల్ల షీటు మీద సర్ది, దారంతో కుట్టి, కింద మూలన చీటీ అంటిస్తారు. సరిగ్గా చేస్తే మనవళ్ల మనవళ్ల కాలానికి కూడా ఆ మొక్క అలాగే ఉంటుంది. సరిగ్గా చేయకపోతే మొదటి వానాకాలానికే బూజు పడుతుంది.

మా దగ్గర ఆ పనంతా చేసేది అక్క. ఏజెన్సీ రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా రాసింది మాత్రం: స్వీపర్, అన్‌స్కిల్డ్. నైపుణ్యం లేని మనిషి అని అర్థం.

ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వేతన విధానం అంటే పెద్ద పెద్ద పుస్తకాలుంటాయి, సెమినార్లుంటాయి, సెమినార్లలో జీడిపప్పు బిస్కెట్లుంటాయి. అంతా అయ్యాక అది అక్క దాకా వచ్చేసరికి మిగిలేది రిజిస్టరులో ఒక్క మాట. ఆ మాటను బట్టే జీతం. ఆ మాట ఎవరు రాశారు? ఏజెన్సీలో ఎవరో, ఆమె చేతులు ఒక్కసారి కూడా చూడకుండా రాసేశారు. చీపురుతో లోపలికి వచ్చింది కాబట్టి చీపురే ఆమె చదువు అనుకున్నారు.

చీపురుతోనే వచ్చింది, నిజమే. లాలాపేట్ నుంచి రోజూ నడిచి వచ్చేది. గది ఊడుస్తూ, ప్రెస్సుల్లో, అంటే ఆ చెక్క పలకల మధ్య, మొక్కలు బూజు పడుతుంటే చూసి, ఒకరోజు ఎవరూ చెప్పకుండానే తడి పేపర్లు తీసి పొడి పేపర్లు పెట్టింది. మర్నాడూ పెట్టింది. ఎవరూ వద్దనలేదు, శభాష్ అని కూడా అనలేదు. అలా ఏళ్లు గడిచాయి. వానాకాలంలో రోజుకు రెండుసార్లు పేపర్లు మార్చాలనీ, ఒక ఆకు బోర్లా ఒక ఆకు వెల్లకిలా పెడితేనే రెండు వైపులా కనబడుతుందనీ, పువ్వు మీద బరువు సమంగా పడటానికి చుట్టూ పేపరు మడతలు పెట్టాలనీ మాకు ఏ పుస్తకమూ చెప్పకముందే అక్క చెప్పింది. నేను ఎమ్మెస్సీలో నల్లేరు తెచ్చి ప్రెస్సులో పెడితే, వారం తర్వాత చూసేసరికి అది లోపలే చిగురేసింది. నేను తెల్లబోయి చూస్తుంటే అక్క పకపకా నవ్వింది.

"నల్లేరు గంత జల్ది సావది బిడ్డా. మసిలే నీళ్లల్ల ముంచి తియ్యాలె. గప్పుడు పేపర్ల వెట్టాలె."

ఇక కుట్టు. అది అక్క వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న బొంత కుట్టు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టేటప్పుడు దారం బిగించి లాగితే గుడ్డ ముడుచుకుంటుంది, వదులుగా వదిలితే జారుతుంది. "గుంజొద్దు, పట్టుకోవాలె" అంటుంది అక్క. కాడ మీదుగా దారం తెచ్చి షీటు వెనక ముడి వేసి, ఆ ముడి కింది షీటులోని మొక్కను గీరకుండా దాని మీద గోరంత తెల్ల కాగితం ముక్క అంటిస్తుంది. ఆ ముక్క ఇంకెవరూ అంటించరు.

ఆ పొద్దున నేను రొప్పుతూ గదిలోకి వెళ్లేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని తంగేడు కొమ్మ సర్దుతోంది.

"ఏంది మేడం గట్ల ఉరికొస్తున్నవ్? కుక్క ఎంటబడ్డదా?"

నేను చదువుకునే రోజుల్లో బిడ్డా అని పిలిచేది. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజునుంచి మేడం అయ్యాను. వద్దన్నా వినదు. నోటీసు చదివి వినిపించాను. అక్క తంగేడు కొమ్మ పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అంటె, స్కిల్డ్ అని రాస్తె జీతం పెరుగుతదా?"

"పెరుగుతుంది అక్కా. తప్పకుండా పెరుగుతుంది."

"అయితె పొద్దుమీకి ఇండ్ల పని బంద్ చేస్త." ఆమె తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "రెండిండ్లల్ల గిన్నెలు తోముడు, బండలు తుడుసుడు. గీ మోకాలు ఇగ ఒంగుతలేదు మేడం."

అక్క కోరిక అంతే. సాయంత్రం ఇక్కడినుంచి తార్నాకలో రెండిళ్లకు పనికి వెళ్లకుండా నేరుగా ఇంటికి పోయి కాళ్లు చాపుకుని కూర్చోవాలి. ఆ మాట వినగానే నాకు పిచ్చి హుషారు వచ్చింది. దరఖాస్తు నేనే రాశాను. చేసే పనులన్నీ ఒక్కొక్కటీ రాసుకుంటూ పోతే రెండు పేజీలు నిండాయి. అక్కకు చదివి వినిపిస్తుంటే "గివన్ని నేనే చేస్తనా?" అని తనే ఆశ్చర్యపోయింది.

సోమవారం విచారణ. పరిపాలనా భవనంలో పై అంతస్తు గది, పొడవాటి బల్ల, నీళ్ల సీసాలు. మధ్యలో అధ్యక్షుడు, కార్మికుల వ్యవహారాలు చూసి రిటైరైన పెద్దాయన. ఒక పక్క మా హెడ్ సార్, ఇంకో పక్క ఏజెన్సీ మేనేజరు రిజిస్టరుతో. అక్క ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా ఉత్సాహం ఎంతంటే ఫలితం వచ్చేసినట్టే మనసులో స్వీట్లు కూడా పంచేశాను.

పెద్దాయన మంచిగానే అడిగారు. "చెప్పమ్మా, మీరు రోజూ ఏం పని చేస్తారు?"

అక్క చేతులు కట్టుకుంది. తల వంచుకుంది.

"ఏం లేదు సార్. ఊడుస్త, తుడుస్త. పిల్లలకు జర్రంత సాయం చేస్త."

మేనేజరు మొహం వెలిగిపోయింది. పెద్దాయన దరఖాస్తు తిరగేసి "ఇందులో చాలా రాశారు కదా? మొక్కలు ఎండబెట్టడం, కుట్టడం..." అన్నారు.

"గవి పిల్లలు చేస్కుంటరు సార్. నేను ఊకె పక్కన ఉంట."

అయిపోయింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్దాయనకు మాత్రం ఏదో అనుమానం వచ్చినట్టుంది. "ఆధారాలు ఏవైనా ఉంటే గురువారం తీసుకురండి" అని ఫైలు పక్కన పెట్టారు.

బయటికొచ్చి మెట్లు దిగేదాకా ఆగాను. ఆ తర్వాత ఆగలేదు. మెట్ల కింద, వచ్చేపోయేవాళ్లందరూ చూస్తుండగా, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద మనిషి మీద అరిచాను. రెండు పేజీలు రాసింది ఎందుకని, అంత భయమైతే ముందే చెప్పొచ్చు కదా అని, ఇక జీవితమంతా గిన్నెలే తోముకోండి అని కూడా అనేశాను. ఆ చివరి మాట నోట్లోంచి వస్తుండగానే నాలుక కొరుక్కున్నాను.

అక్క కోపగించుకోలేదు. ఒక మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంది.

"నేను కుట్టిన అని చెప్తె, మరి మీరు కుట్టలే అన్నట్టే గద?"

నాకు అర్థం కాలేదు.

"షీటు కింద చీటీల నీ పేరు రాసి ఉంటది. పిల్లలందరియి గట్లనే ఉంటయి. నేను కుట్టిన అంటె మీ మార్కులు కొట్టేయరా? నీకు గా కప్పు ఇచ్చిండ్రు. వాపస్ తీస్కుంటె ఎట్ల? నీ నౌకరి పోతె ఎట్ల?"

అప్పటిదాకా ఉన్న నా కోపమంతా ఒక్కసారిగా చప్పబడిపోయింది. ప్రతి షీటు చీటీలోనూ "మౌంటెడ్ బై" అని ఒక గడి ఉంటుంది, షీటు తయారు చేసిందెవరో రాయడానికి. అక్కడ అందరం మా పేర్లే రాసుకున్నాం. అది అబద్ధమని ఎవరికీ తట్టలేదు. సార్లకు తెలుసు, మాకు తెలుసు, ఆనవాయితీ అంతే. నా ముప్పై షీట్లకు ఆ ఏడు ఉత్తమ హెర్బేరియం కప్పు వచ్చింది. అది మా అమ్మ షోకేసులో మధ్య అరలో ఉంది. ఇన్నాళ్లూ అక్క జీతాన్ని ఏజెన్సీ గుమస్తా ఎవరో మింగేశాడని నేను ఊగిపోతున్నాను. ఆమె పనిని ఆమెది కాదని రాసినవాటిలో నా చేతిరాత కూడా ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ మెట్టు మీదే ఆమె పక్కన కూలబడ్డాను.

కాసేపటికి సిగ్గు కిందనుంచి ఇంకొకటి లేచింది. ఆధారాలు అడిగారు కదా! ఆధారాలు బీరువాల నిండా ఉన్నాయి కదా!

"అక్కా, లేవండి. తాళాలు ఎక్కడున్నాయి?"

ఆ మధ్యాహ్నం నా జీవితంలో ఇప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. బీరువా తర్వాత బీరువా తెరిచాం. షీటు తీయడం, తిప్పడం, వెనక చూడటం. తెల్ల ముక్క! ఇంకోటి, తెల్ల ముక్క! గునుగు, ఉత్తరేణి, వావిలి, పల్లేరు, ప్రతిదాని వెనకా గోరంత కాగితం ముక్కలు. ఎన్నెన్ని బ్యాచ్‌ల పిల్లలో, ఎన్నెన్ని పేర్లో. ముందు వైపు అందరి పేర్లూ వేరు, వెనక వైపు చెయ్యి ఒక్కటే. నేను చిన్నపిల్లలా "ఇది కూడా మీదే, ఇది కూడా మీదే!" అని అరుస్తుంటే అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బయట వాన మొదలైంది. ఆమె అలవాటుగా లేచి కిటికీలు మూసి వచ్చింది.

నా ముప్పై షీట్లు పక్కకు తీసి, తిప్పి చూడకుండానే దారంతో కట్ట కట్టాను. అక్క నవ్వు ఆగిపోయింది.

"గవి వద్దు మేడం. వేరేటోళ్లయి చూపెట్టు."

"వేరేవాళ్ల పేర్లు నేనెలా బయటపెడతాను అక్కా? నాది నేను చెప్పుకోవచ్చు."

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. అమ్మ కాకినాడ నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడి ముప్పై ఏళ్లు దాటినా కంగారు పడితే మాట అక్కడిదే. "నీకెందుకే ఈ గొడవ? ఆ హెడ్డుగారికి కోపమొస్తే వచ్చే సెమిస్టర్‌కి నిన్ను తియ్యరూ?" అంది. తీస్తారేమో. నేనూ అదే అనుకుంటున్నాను. పార్ట్‌టైమ్ వాళ్లను తీసేయాల్సిన పని కూడా లేదు, ఆర్డరు ఇవ్వకపోతే చాలు. ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. భయం ఉంది, కాదనను. కానీ దానికంటే గురువారం ఎప్పుడొస్తుందా అన్న ఆత్రం ఎక్కువగా ఉంది.

గురువారం ఆ పొడవాటి బల్ల మీద ముప్పై షీట్లు పెట్టాను. అక్క గోడ పక్కన కుర్చీ అంచున కూర్చుంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని పై షీటు చీటీ చదివారు.

"మౌంటెడ్ బై... ఇది మీ పేరు కదా అమ్మా?"

"నా పేరే సార్. కానీ కుట్టింది నేను కాదు, ఆవిడ. వీటికే నాకు కప్పు ఇచ్చారు. అది కూడా ఆవిడకే రావాలి."

మా హెడ్ సార్ వైపు చూడలేదు, చూస్తే ఆగిపోతానని తెలుసు. మేనేజరు గొంతు సవరించుకుని "సార్, ఎవరో అభిమానంతో చెబితే ఎలా నమ్ముతాం? కుట్టడంలో పెద్ద నైపుణ్యం ఏముంది, సూదీ దారం అందరిళ్లలో ఉంటాయి" అన్నాడు.

పెద్దాయన షీట్ల కట్ట దగ్గరికి లాక్కున్నారు. షీట్లను రెండు అంచులూ పట్టుకుని ఒక్కొక్కటీ నిలువుగా పైకెత్తి, వెలుతురులో చూసి, తిప్పి వెనక తెల్ల ముక్కలు చూసి పక్కన పెడుతున్నారు. తంగేడు కదల్లేదు. ఉమ్మెత్త కదల్లేదు. నల్లేరు కూడా నిటారుగా నిలబడింది. పది, పదిహేను, ఇరవై. ఆయన ఇరవై ఏడో షీటు ఎత్తారు. సర్రుమని జారింది. జిల్లేడు కొమ్మ, ఆకులు, పువ్వులు అన్నీ కలిసి ఆయన ఫైలు మీద, నీళ్ల గ్లాసు మీద, మేనేజరు రిజిస్టరు మీద పడ్డాయి. షీటుకు ఒక దారం ముక్క వేలాడుతూ మిగిలింది.

"ఇదేమిటి?" అన్నారు పెద్దాయన షీటు తిప్పి చూస్తూ. వెనక తెల్ల ముక్కలు లేవు. ఎడాపెడా వేసిన ముడులు మాత్రం గుత్తుగా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. సబ్మిషన్ రోజు పొద్దున ఒక షీటు తక్కువైంది. గోల్నాకలో చెల్లెలికి జ్వరమని అక్క సెలవు పెట్టింది. ఏముందిలే అనుకుని సూది పట్టుకున్నాను.

"సార్, అది..." అన్నాను. "అది నేను కుట్టింది."

ముందు నవ్వింది మా హెడ్ సార్. ఆయన నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత పెద్దాయన, తర్వాత అందరూ. మేనేజరు కూడా నవ్వాపుకోలేక రిజిస్టరు మీది జిల్లేడు ఆకు దులపబోయాడు.

"అగో, ఆగుండ్రి! చెయ్యి వెట్టకుండ్రి!"

అది అక్క గొంతు. ఎప్పుడు లేచిందో, బల్ల దగ్గర ఉంది.

"గట్ల దులిపితె ఇరిగిపోతది సార్! షీటు గట్ల నిలబెట్టద్దు, పండవెట్టి చూడాలె. మీరు గింత పెద్ద సదువులు సదివిన్రు, గిది ఎండిన మొక్క, గడ్డి గాదు." పెద్దాయననే అంది ఆ మాట! ఒక కాగితం మొక్క కిందికి మెల్లగా జరిపి, ఆకు ఊడకుండా పైకి లేపింది. "గిది జిల్లేడు. పాలు కారుతది. పాలు ఆరకముందు కుడితె దారం మెత్తవడి కుల్లుతది. గీ పిల్లకు తెల్వదు, తొందరవడ్డది. దొడ్డు కాడకు మూడు తాన్ల ముడి ఎయ్యాలె, సన్న కాడకు ఒకటి చాలు. పువ్వు మీదికెల్లి దారం పోవద్దు, పువ్వు ఖరాబైతది. వానలు వడ్డప్పుడు రోజు రెండుసార్లు పేపర్లు మార్వాలె, ఐతారం గూడ మార్వాలె. ఐతారం నేను రాకుంటె సోమారానికి బూజువడ్తది, గందుకే ఐతారం గూడ వస్త. గా దినం జీతం లేదు, అయినా వస్త."

చెబుతూనే ఉంది. చేతులు కట్టుకోవడం మర్చిపోయింది, తల వంచుకోవడం మర్చిపోయింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, సంచీలోంచి దారపుండ తీసి, అక్కడే, ఆ నిగనిగలాడే బల్ల మీద నా జిల్లేడును మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని వంగి చూస్తున్నారు. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారాయన.

"ఎవ్వలు నేర్పలె సార్. ఖరాబైతుంటె చూసి నేర్సుకున్న. కుట్టుడు మా అమ్మది."

హెడ్ సార్ అప్పుడు నోరు విప్పారు. "నేను ఇక్కడ ఎమ్మెస్సీ చేసినప్పుడు ఈవిడ లేరండీ. మా బ్యాచ్ షీట్లన్నీ ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. మొక్కలు ఎప్పుడో రాలిపోయాయి, పేర్లు మిగిలాయి." నా వైపు ఒక్క క్షణం చూసి కళ్లు తిప్పుకున్నారు. అది మెచ్చుకోలో మందలింపో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దాయన పెన్ను తీసుకున్నారు. ఏం రాస్తున్నారో కనబడలేదు. రాసింది ఒక్క మాట కాదు, అర పేజీ రాశారు.

ఆర్డరు రావడానికి నెల పైన పట్టింది. ఆ నెలంతా నేను రోజూ ఆఫీసు గుమ్మం తొక్కాను. చివరికి క్లర్కు నన్ను చూడగానే "ఇంకా రాలేదు మేడం" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు అనలేదు. కాగితం చేతికిచ్చాడు. హెర్బేరియం అసిస్టెంట్, స్కిల్డ్. అక్కడినుంచి డిపార్ట్‌మెంట్ దాకా మళ్లీ పరుగు. ఈసారి చెప్పులు కూడా చేత్తో పట్టుకున్నాను. మెట్ల మీద జారబోయి నిలదొక్కుకున్నాను. హెర్బేరియం గది తలుపు దగ్గరే "అక్కా!" అని అరిచిన అరుపుకు కారిడార్‌లో క్లాసులు ఆగిపోయాయి. పిల్లలు బయటికొచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. అక్క ఆ కాగితం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, మడిచి, జాకెట్టులో పెట్టుకుంది.

వచ్చే సెమిస్టర్ నుంచి చీటీలోని ఆ గడిలో నిజం రాయాలని హెడ్ సార్ నోటీసు పెట్టారు. కుట్టడం పిల్లలకు అక్కే నేర్పాలని కూడా రాశారు. మా అమ్మ షోకేసులోంచి కప్పు తనే తీసి, కుంకుడు రసంతో తోమి ఇచ్చింది. అక్కకు ఇస్తే మురిసిపోయి, అందులో సూదులూ దారపుండలూ వేసుకుంది. సాయంత్రం రెండిళ్ల పని మానేసింది. మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది గానీ, అయిదు దాటాక లాలాపేట్ వైపు తీరిగ్గా నడుచుకుంటూ పోతుంటే చూడటం నాకు పండగలా ఉంటుంది.

నా ఆర్డరు కూడా వచ్చింది. నన్ను తీసేయలేదు. క్లాసుకు ఇంత అన్న ఆ లెక్క నేను చేరినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. అది వచ్చిన రోజు అక్క దగ్గర కూర్చుని జిల్లేడు షీటుకు కొత్త చీటీ రాస్తున్నాను. మౌంటెడ్ బై దగ్గర అక్క పేరు రాసి, అది సరిగ్గా ఉందో లేదో చూడమని ఆమె ముందు పెట్టాను. ఆమె అది చూడలేదు. నా సంచీలోంచి బయటికి కనబడుతున్న నా ఆర్డరు కాగితం చూస్తోంది.

"బిడ్డా," అంది. మేడం అనలేదు. "మరి నీది ఏ కేటగిరి?"

"నాదేముంది అక్కా," అన్నాను చీటీ మీదినుంచి తల ఎత్తకుండా. "నాకు కేటగిరీ ఏమీ లేదు. ఏదో, అలా క్లాసులు చెబుతున్నాను."

అక్క సూది కప్పులో పడేసింది. ఠంగుమని మోగింది.

"నాలెక్కనే చెప్తున్నవ్ గద. ఏం లేదు సార్, ఊడుస్త, తుడుస్త అని."

ఆమె నా చేతిలోంచి పెన్ను తీసుకుని పక్కన పెట్టింది.

"గా పెద్దసారు మల్ల ఎప్పుడు కూసుంటడు? నువ్వు ఏమేం చేస్తవో నాకు తెల్సు. నేనొచ్చి చెప్త."